రాట్నం లోపలి వైపు

చెక్కుడు షెడ్డు,
ఎండలు ముదురుతున్న రోజులు

ఒసేయ్ చిన్నీ,

నువ్వు ఆ పార్కు ఆఫీసులో కూర్చుని, కమిటీ వాళ్ళ చెవిలో జోరీగలా రొదపెట్టి, కొత్త రంగులరాట్నం పని మీ అక్కకే ఇప్పించావు కదా. ఆ పుణ్యమంతా ఇప్పుడు నా షెడ్డు నిండా నిలబడి ఉంది. నడవడానికి చోటు లేదు. మొన్న నీళ్ళ చెంబు అందుకోబోయి వెనక్కి జరిగితే సింహం పంజా నడుంలో గుచ్చుకుంది. తప్పు నాదేలే, అంత వాడిగా చెక్కమని ఎవరన్నారు!

"మామూలు గుర్రాలు వద్దు, లోకంలో ఉన్న పురాణాల జంతువులన్నీ ఒక్క రాట్నం మీదికి రావాలి" అన్నది నువ్వే. వస్తున్నాయి. గద్ద తలా సింహం ఒళ్ళూ ఉన్నది ముందు పూర్తయింది. బంగారానికి కాపలా కాసేదట. దాని ముక్కు చూసినప్పుడల్లా మన మేనత్త గుర్తొచ్చి నవ్వాగడం లేదు. మంచుదేశాల దేవుడు ఎక్కే ఎనిమిది కాళ్ళ గుర్రం నిలబడింది. ఏ కాలు ముందు పడాలో తేల్చుకోలేక నా కాళ్ళు నాకే తడబడ్డాయి. ఈకల పాము, వానలు తెచ్చే మీసాల డ్రాగన్, చేప తోకున్న సముద్రపు గుర్రం, అన్నీ ఆకారానికొచ్చాయి. గండభేరుండం రెండు తలలూ చెరోవైపు తిరిగి అలిగినట్టున్నాయి, చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద నువ్వూ నేనూ పడుకున్నట్టు.

రెక్కల గుర్రం గురించి మాత్రం నీకు విడిగా చెప్పాలి. అందరూ గుర్రాన్ని చెక్కుతారు, రెక్కలు చెక్కుతారు. ఆ గుర్రం ఎక్కడినుంచి పుట్టిందో ఎవరూ చెక్కరు. గ్రీకుల కథలో అది పాముల జుట్టున్న ఆవిడ మెడలోంచి పుట్టింది. ఆవిడని చూసినవాళ్ళు రాయైపోతారని ఒక వీరుడు తల నరికితే, ఆ తెగిన మెడలోంచి పుట్టింది. తల నరికినవాడికి పేరొచ్చింది, గుర్రానికి ఆకాశం దొరికింది, తల్లికేమో దయ్యమన్న పేరు మిగిలింది. నేను జీను వెనకాల ఆవిడ మొహం పెట్టాను. పిల్లని వీపున ఎక్కించుకుని వెనక్కి తిరిగి చూసే తల్లిలా పెట్టాను. బాగా కుదిరింది. నా పనిని నేనే మెచ్చుకుంటున్నానని నవ్వకు, ఈ షెడ్డులో మెచ్చుకునేందుకు ఇంకెవరున్నారు?

ఇదంతా బయటివైపు సంగతి. లోపలివైపు ఎప్పట్లాగే నున్నగా చిత్రిక పట్టేసి, జీను పట్టీ ఒకటి గీసి వదిలేస్తున్నాను. రాట్నం చెక్కేవాళ్ళెవరైనా చేసేది అదే. జనం చూసేది బయటివైపు కదా. నాన్న ఉన్నన్నాళ్ళూ బయటివైపు ఆయనా అన్నయ్యా, లోపలివైపు నేనూ. "నువ్వు లోపల చెయ్యమ్మా, చెడినా ఎవరికీ కనపడదు" అనేవాడు, ప్రేమగానే. అన్నయ్య ఇప్పుడు తలుపుల దుకాణంలో కూర్చుని ప్లైవుడ్డు అమ్ముకుంటున్నాడు. బయటివైపు నా చేతికి వచ్చేసరికి నా జుట్టు నెరిసింది. అయినా వచ్చింది కదే!

మరిదిగారిని అడిగానని చెప్పు.

నీ అక్క


పార్కు ఆఫీసు, మేడమీద గది,
వానలకి ముందు

అక్కా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు చేతిలో ఉలి ఉంటే ముందు పక్కన పెట్టు.

పాత అధికారికి బదిలీ అయింది. కొత్తాయన వచ్చీ రాగానే చెట్ల మొదళ్ళకి సున్నం కొట్టించాడు. తర్వాత దారి పక్క రాళ్ళకి, ఆ తర్వాత నీళ్ళ తొట్టికి. పిల్లలు ఎక్కి ఆడుకునే సిమెంటు తాబేలు ఉంది చూడు, దానికీ సున్నమే. తోటమాలి ఒకచోట ఎక్కువసేపు నిలబడాలంటే జంకుతున్నాడు. ఆఫీసులో ఆయనకి "సున్నం దొరగారు" అని పేరు పెట్టాం, వినపడకుండా పిలుచుకుంటున్నాం.

నిన్న నువ్వు పంపిన ఫోటోలు కమిటీ ముందు పెట్టాను. దొరగారు ఒక్కొక్కటీ ఎత్తి చూసి బల్లమీద బోర్లా పెడుతూ పోయాడు.

"ఇదేమిటమ్మా, గద్దా సింహమా? పిల్లలు జడుసుకుని జ్వరాలు తెచ్చుకోరూ?"

"కథల్లో ఉన్నదేనండీ."

"కథల్లో ఉంటే కథల్లోనే ఉండనివ్వండి. దీనికి ఎనిమిది కాళ్ళేమిటి? చూసినవాళ్ళు తయారీలో పొరపాటనుకుంటారు."

ఆ పక్కాయన, "దేవుళ్ళ వాహనాల మీద పిల్లలు చెప్పులతో కూర్చుంటారా?" అన్నాడు. ఇంకొకాయన, "మన దేవుళ్ళవైతే చెప్పుల సమస్య, పరాయి దేవుళ్ళవైతే అవి మన పార్కులో ఎందుకన్న సమస్య" అన్నాడు. అందరూ బుర్రలూపారు. ఆఖరికి పాముల జుట్టున్న ఆవిడ ఫోటో చేతికొచ్చింది. దొరగారు దాన్ని వేలితో కూడా తాకకుండా పెన్నుతో అవతలికి తోశాడు. "ఈ మొహాన్ని పార్కులో పెడితే రేపు నా మొహం పేపర్లో వేస్తారు" అన్నాడు.

తీర్మానం ఏమిటంటే, అన్నీ గుర్రాలే ఉండాలి. ఒకే రకం, ఒకే ఎత్తు, తెల్ల రంగు. ఆర్డరు కాగితం ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది అక్కా. కోపం తెచ్చుకోకు అని అనను, నీ సంగతి నాకు తెలియనిదా.

చిన్ని


చెక్కుడు షెడ్డు,
మొదటి వాన పడ్డ రోజు

ఒసేయ్,

ఉలి పక్కన పెట్టి చదివాను. మంచిదైంది, లేకపోతే ఈ పాటికి పోస్టుమాన్‌కి ఏదో అయ్యుండేది.

తెల్ల గుర్రాలా? నన్నా అడిగేది? సున్నం కొట్టేవాడు చాలు కదా ఆ పనికి, చెక్కేదాన్ని నేనెందుకు? ఎనిమిది కాళ్ళు పొరపాటట! ఎనిమిది కాళ్ళు ఉన్నాయి కాబట్టే అది చచ్చినవాళ్ళ లోకానికి వెళ్ళి తిరిగి రాగలిగింది. మీ దొరగారు రెండు కాళ్ళతో ఎంతదూరం వెళ్ళాడో అడుగు. పిల్లలు జడుసుకుంటారట! పిల్లలకి భయం ఉండాలే. ఎక్కి కూర్చోగలిగిన భయం ఉండాలి. మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని గుండ్రంగా తిరిగితే ఆ భయం పెంపుడు పిల్లి అయిపోతుంది. దానికోసమే కదా లోకంలో వాళ్ళందరూ ఈ జంతువుల్ని కథల్లో దాచిపెట్టుకున్నది. తెల్ల గుర్రం ఎక్కి దిగినవాడికి ఏం మిగులుతుంది? ప్యాంటుకి అంటుకున్న సున్నం.

చెయ్యను. రాసి పంపు, ఆ చెక్కే ఆవిడ చెయ్యనందని.

ఇంకొక్క మాట. ఆ ఆర్డరు కాగితం కింద సంతకం ఆయనది. అక్షరాలు మాత్రం నీవి. నీకు అక్షరాలు దిద్దబెట్టింది నేనే, నాకు తెలియదా? "ఎటువంటి విచిత్ర ఆకారములు ఉండరాదు" అని నీ చేత్తో ఎలా రాయగలిగావే?

అక్క


పార్కు ఆఫీసు, మేడమీద గది,
వానల్లో

అక్కా,

అవును, రాసింది నేనే. ఆయన చెప్పాడు, నేను రాశాను. నా ఉద్యోగమే అది. అందరిలో లేచి "ఇది తప్పండీ" అనడానికి నోరు తెరిచాను, తెరిచిన నోటితో "అలాగేనండీ" అన్నాను. ఇంటికొచ్చి మీ మరిదితో చెబితే, "మీ అక్కైతే బల్ల తిరగేసేది" అన్నాడు. అన్నం తినకుండా లేచిపోయాను.

కానీ ఒకటి చెప్పు. నువ్వు షెడ్డులో తలుపేసుకుని ఎవరినైనా ఎన్నైనా అనొచ్చు. తిట్టిన మాట రంపపు పొట్టులో పడి అక్కడే ఉంటుంది. నేను పొద్దున్నే వచ్చి ఆయన ఎదుట కూర్చోవాలి. నా కోపాన్ని నేను కాఫీతో పాటు మింగాలి. ధైర్యం చూపించడానికి కూడా ఒక గది ఉండాలక్కా, నాకు ఈ మేడమీద అది లేదు.

అసలు సంగతి నీకు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. దొరగారి బల్లమీద ఒక కంపెనీ బొమ్మల పుస్తకం ఉంది. ప్లాస్టిక్ కార్ల రాట్నం. మీట నొక్కితే పాట పాడుతుంది, వానకి తడిసినా ఏమీ కాదు. చలి ముదిరేలోపు నీ గుర్రాలు రాకపోతే నీ ఆర్డరు రద్దు చేసి అది తెప్పిస్తానన్నాడు. అప్పుడు రెక్కలూ ఉండవు, కాళ్ళూ ఉండవు, కర్ర వాసనే ఉండదు. నీ జంతువులు షెడ్డులో నిలబడి చెదలకి మేతవుతాయి. ఈ రోజుల్లో కర్ర రాట్నం చేయించేవాళ్ళు ఇంకెవరున్నారు? ఇది పోతే నీ చేతికి ఇంకో రాట్నం రాదు. ఆ మాట నీకూ తెలుసు, నా చేత అనిపించావు.

ఒక్కసారి తల వంచు. నాకోసం కాకపోతే పోనీ, ఆ కర్ర కోసం.

చిన్ని


చెక్కుడు షెడ్డు,
వానలు తగ్గుముఖం పట్టాక

చిరంజీవి చెల్లికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పింది సబబుగా ఉంది. కమిటీ వారు కోరినట్టే అన్నీ తెల్ల గుర్రాలుగా, ఒకే ఎత్తులో చేసి పంపుతాను. వారికి నా నమస్కారాలు తెలియజేయి.

ఒక చిన్న విషయం. మొదట అనుకున్న వైపుకి కాకుండా, రాట్నం దానికి ఎదురు వైపుకి తిరిగేలా బిగించమని ఫిట్టరుతో చెప్పు. గుర్రాల మొహాలు అటు వచ్చాయి. పనిలో అలా కుదిరింది. పెద్ద తేడా ఉండదు.

ఇక్కడ అంతా క్షేమం.

అక్క


పార్కు ఆఫీసు, మేడమీద గది,
చలి మొదలైంది

అక్కా,

నీ ఉత్తరంలో "ఒసేయ్" లేదు. రెండుసార్లు వెతికాను.

నువ్వు తల వంచాలని అడిగింది నేనే, వంచావు. సంతోషపడాల్సింది పోయి ఏదోగా ఉంది. దొరగారికి నీ నమస్కారాలు చెబితే, "చూశారా, నచ్చజెబితే ఎవరైనా వింటారు" అని మురిసిపోయాడు. ఆ మురిసిపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. నువ్వు ఆయన్ని తిడుతున్నన్నాళ్ళూ ఈ బల్ల దగ్గర కూర్చోవడం తేలిగ్గా ఉండేది, మన ఇద్దరి తరఫునా నువ్వొకదానివే తిట్టేస్తున్నట్టు. ఇప్పుడు ఎవరు తిడతారు?

ఫిట్టరుతో చెప్పాను. "ఎటు తిరిగితే ఏంటమ్మా, మోటారుకి వైర్లు మార్చి కలిపితే సరి" అన్నాడు.

ముందు చెక్కినవాటిని ఏం చేశావు? ఆ గద్ద ముక్కుని, ఆ పాముల ఆవిడని? పొయ్యిలో పెట్టలేదు కదా? ఒక్క ముక్క రాయి. పోనీ నన్ను తిడుతూనే రాయి.

చిన్ని


చెక్కుడు షెడ్డు

చిన్నీ,

పెట్టెలు లారీలో బయల్దేరాయి. గోనెపట్టలు నువ్వే దగ్గరుండి విప్పించు. విప్పించడం కాదు, నువ్వే విప్పు. ఎవరూ లేనప్పుడు.

అక్క


పార్కు ఆఫీసు, మేడమీద గది,
చలి ముదిరాక

ఒసేయ్ అక్కా!

చిన్నదాన్నైనా అనేశాను, అనిపించుకోవాల్సిన పనే చేశావు.

ఆదివారం మధ్యాహ్నం నేనొక్కదాన్నే స్టోరు గదికి వెళ్ళి మొదటి గోనెపట్ట విప్పాను. తెల్ల గుర్రం. నున్నటి మెడ, బుద్ధిగా దించుకున్న తల. నాకు ఏడుపొచ్చింది. మా అక్క చేత ఇంత చవకరకం పని చేయించానని అక్కడే ఒక పెట్టెమీద కూర్చుండిపోయాను. తర్వాత, వెనకవైపు రంగు ఊడిందేమో చూద్దామని చుట్టూ తిరిగి అటు వెళ్ళాను.

అటు గద్ద నన్ను చూస్తోంది!

ఒక్కొక్క గోనే పీకి పారేశాను. ప్రతి గుర్రానికీ అటు వైపు నీ జంతువు అలాగే ఉంది. నువ్వు ముందు చెక్కిన బయటివైపుని చెక్కుచెదరకుండా లోపలికి తిప్పేశావు. నున్నగా వదిలేసిన వైపు ఉంది చూడు, దాన్ని తెల్ల గుర్రంగా చెక్కి బయటికి పెట్టావు. బొమ్మని తిప్పితే మొహమూ ఎదురు వైపుకి తిరుగుతుంది, అందుకా రాట్నం అటు తిరగాలన్నావు! ఎనిమిది కాళ్ళ గుర్రానికి బయట నాలుగే ఉంచి, మిగతావి పొట్ట కిందికి మడిచి లోపలి నుంచే కనపడేలా చేశావు. గండభేరుండం రెండో తలని జూలు చాటున దాచావు. చేప తోకని లోపలికి చుట్టేశావు. నమస్కారాలు పంపుతూ పంపుతూ ఎంత పని చేశావే తల్లీ!

ముందు నవ్వాను. తర్వాత భయమేసి గోనెపట్టలన్నీ మళ్ళీ కప్పేశాను. నాతో ఒక్క మాట చెప్పలేదేం? నా దస్తూరీతో నడిచిన పని ఇది. పట్టుబడితే మెడకి చుట్టుకునేది నాకే.

బిగింపు అయిపోయింది. దొరగారు వచ్చి చూశాడు. తిరిగే చెక్కనేల మీద రంగు ఆరలేదు, ఆయనదేమో తెల్లప్యాంటు, కాబట్టి పైకి ఎక్కకుండా కటకటాల బయటే ఒక చుట్టు తిరిగాడు. బయటినుంచి చూస్తే అన్నీ గుర్రాలే. "ఇదీ శుభ్రమంటే" అన్నాడు. నేను తల ఊపాను.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అక్కా, నువ్వు అద్దాల సంగతి మర్చిపోయావు. రాట్నం మధ్యలో మోటారు కనపడకుండా గుండ్రంగా చెక్కగది కట్టి, దాని చుట్టూ నిలువెత్తు అద్దాలు బిగిస్తారు కదా. రంగు పడకుండా వాటికి ఇప్పుడు ఖాకీ కాగితం అంటించి ఉంది. కాగితం తీసిన మరుక్షణం, బయట నిలబడ్డవాళ్ళకి కూడా లోపలివైపంతా ఆ అద్దాల్లో కనపడుతుంది.

తప్పించుకునే దారి లేకపోలేదు. దొరగారు వెళ్తూ వెళ్తూ, "మధ్యలో అద్దాలెందుకు, వాటికీ తెల్లరంగు వేయిస్తే పోలా? మీరే చూడండి" అన్నాడు. నేను ఊఁ అంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. ఎక్కిన పిల్లలు ఎలాగూ వంగి చూసుకుంటారు. ప్రారంభం దగ్గర పడింది. ఏం చెయ్యమంటావు?

చిన్ని


చెక్కుడు షెడ్డు,
నీ ఉత్తరం అందిన పూటే

ఒసేయ్ చిన్నీ,

అద్దాలు నేను మర్చిపోలేదే. నాకు తెలియవు.

నవ్వుకో. ఇన్నేళ్ళు రాట్నాల మధ్య బతికాను. ఒక్క రాట్నం కూడా బిగించి తిరుగుతుండగా చూడలేదు. బిగింపుకి నాన్నా అన్నయ్యా వెళ్ళేవాళ్ళు. "ఊళ్ళు తిరిగే పని, నువ్వెందుకమ్మా" అనేవాళ్ళు. గుర్రాలు షెడ్డు గుమ్మం దాటడమే నేను చూసింది. మధ్యలో ఏముంటుందని ఒకసారి అడిగితే నాన్న "మోటారు" అన్నాడు. అద్దాలుంటాయని అనలేదు. లోపలివైపు ఎవరూ చూడరనే చెప్పాడు, చచ్చేదాకా అదే చెప్పాడు.

మరి ఇన్నాళ్ళూ చూశారన్నమాట! నేను గీసిన ప్రతి పట్టీ, ప్రతి జీను కుట్టూ ఆ అద్దాల్లో తిరుగుతూనే ఉన్నాయన్నమాట. చెడినా కనపడదని ఆయన అనేవాడు. నేను చెడగొట్టలేదు, అయినా కనపడదనే అనుకున్నాను. నీ ఉత్తరం మళ్ళీ మొదటినుంచీ చదివాను. దుఃఖమో కోపమో తెలియలేదు, కాసేపటికి కోపమేనని తేలింది. కోపమైతే నాకు ఫరవాలేదు, అది నాకు అలవాటే.

నీతో ఎందుకు చెప్పలేదంటావా. చెబితే నువ్వు వద్దనేదానివి, నువ్వు వద్దంటే నేను ఆగేదాన్ని. "ఆ కర్ర కోసం" అని రాశావు చూడు, ఆ మాటకి నిజంగానే తల వంచాను. వంచిన తలతో చూస్తే ఎదురుగా నున్నగా వదిలేసిన వైపు కనపడింది. అది నా వాటా. పుట్టిన దగ్గర్నుంచీ నాకిచ్చింది ఆ వైపే. వాళ్ళు బయటివైపు లాక్కుంటే, నా జంతువుల్ని నా ఇంట్లోకి తెచ్చుకున్నాను. దొంగతనంగా చేశానంటే ఒప్పుకోను.

ఇక అద్దాలు. చిన్నీ, నీ ఉద్యోగం నీది. రోజూ ఆయన ఎదుట కూర్చునేది నువ్వు. నువ్వు రంగు వేయిస్తే నేను నొచ్చుకోను. అబద్ధం, నొచ్చుకుంటాను. కానీ నిన్ను ఒక్క మాటా అనను, అది మాత్రం నిజం.

ఒక్కటి మాత్రం చెప్పి ముగిస్తాను. పాముల జుట్టున్న ఆవిడని చంపడానికి వచ్చినవాడు ఆవిడ మొహం నేరుగా ఎప్పుడూ చూడలేదు. నిగనిగలాడే డాలులో నీడ చూస్తూ, నిద్రపోతున్న ఆవిడ దగ్గరికి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి నరికాడు. నీడలో చూస్తే ఎవరూ రాయవ్వరు కదా, అందుకు. అంటే అద్దంలో ఆవిడని ఎవరైనా చూడొచ్చు, ఎంతసేపైనా చూడొచ్చు, ఏమీ కాదు. కత్తి లేకుండా చూసినవాళ్ళే ఇంతవరకూ లేరు.

నీ ఇష్టం.

అక్క


పార్కు ఆఫీసు, మెట్ల కింద గది,
ఎండ బాగా కాస్తున్న రోజు

అక్కా,

పైన రాసిన చోటు మారిందని చూసే ఉంటావు. అదీ చెబుతాను, వరసగా చెప్పనీ.

ప్రారంభం రోజు పొద్దున్నే వెళ్ళాను. రంగు డబ్బా తెచ్చి రాట్నం పక్కన పెట్టి ఉంది, నా మాట కోసం ఫిట్టరు బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. నువ్వు నన్ను ఒక్క మాటా అననన్నావు చూడు, అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. "డబ్బా తీసెయ్యి బాబూ" అన్నాను. ఖాకీ కాగితాలు నా చేత్తోనే చింపాను. మొదటిది అంచు పట్టుకుని మెల్లగా చింపాను. తర్వాతవి చరచరా చింపుతుంటే హాయిగా ఉంది.

జనం వచ్చారు. దొరగారు రిబ్బను కత్తిరించాడు. పిల్లలు తెల్ల గుర్రాలెక్కారు, రాట్నం కదిలింది. ముందు ఆయన గుర్రాల్ని చూసుకుని మురిసిపోతున్నాడు. అంతలో ఒక చిన్నపిల్ల కటకటాలు పట్టుకుని గట్టిగా అరిచింది.

"అమ్మా, లోపల ఇంకో రాట్నం ఉంది!"

అందరూ లోపలికి చూశారు. అద్దాల్లో రెక్క వెళ్ళింది, దాని వెనక పొలుసుల తోక, దాని వెనక గద్ద ముక్కు, వరసగా ఎనిమిది కాళ్ళు. అక్కా, అవి పరుగెత్తుతున్నాయి. నువ్వు షెడ్డులో నిలబెట్టి చూశావు, నేను పరుగెత్తుతుంటే చూశాను.

దొరగారు నా దగ్గరికి వచ్చాడు. మొహం ఆయన సున్నమంత తెల్లగా ఉంది.

"ఏమిటివి?"

"గుర్రాలండీ. మీరు చెప్పినట్టే, తెల్లవి, ఒకే ఎత్తువి."

"నేనడిగేది అద్దంలో ఉన్నవి."

"ఎదురుగా ఏముంటే అదే కదండీ అద్దంలో కనపడేది."

"ఆపించండి."

"పిల్లలు దిగరండీ."

నిజంగానే దిగలేదు. ఇంకా ఎక్కాల్సినవాళ్ళు గేటు దాకా నిలబడ్డారు. "నాకు ఎనిమిది కాళ్ళది" అని ఒకడు, "అది నేను ముందే చూశాను" అని ఇంకొకడు. గుర్రం కావాలన్నవాడు ఒక్కడూ లేడు. ఏడ్చినవాడూ ఒకడున్నాడులే, గద్ద దొరకలేదని.

"రేపు పొద్దున్నకల్లా ఆ అద్దాలకి తెల్లరంగు పడాలి. ఆర్డరు రాసి తీసుకురండి, సంతకం పెడతాను" అన్నాడు.

అప్పుడన్నానక్కా. పెద్దగా కూడా అనలేదు. "నేను రాయనండీ" అన్నాను.

"ఏమిటీ?"

"ఒకసారి రాశాను, చాలు. ఇంక ఆ కాగితం నా చేత్తో రాయను. మీకు కావాలంటే ఈ జనమందరి ముందూ నిలబడి మీరే చెప్పండి."

ఆయన జనం వైపు చూశాడు. రెక్కల గుర్రం మీద ఒక పిల్ల తిరిగి వస్తోంది. అద్దంలో జీను వెనకున్న ఆవిడని చూసి చెయ్యి ఊపింది, ఇంటికొచ్చిన పిన్నికి ఊపినట్టు. రాట్నం తిరిగి వచ్చిన ప్రతిసారీ ఊపింది. ఆవిడని అద్దంలో కత్తి లేకుండా చూసిన మొదటి మనిషి ఆ పిల్లే అనుకుంటాను. నేను నిలబడి చూస్తూ ఏడ్చేశాను, పక్కనే దొరగారున్నాడన్న ధ్యాస కూడా లేకుండా.

మర్నాడు నన్ను మేడమీద నుంచి దించి ఈ మెట్ల కింద గదిలో వేశారు. గొట్టాలూ, పారలూ, విరిగిన బెంచీలూ చూసుకోవడం ఇప్పుడు నా పని. సంజాయిషీ రాయమని మెమో కూడా ఇచ్చారు. "చేసింది తెలిసే చేశాను" అని రాసిచ్చాను. ఏమవుతుందో తెలియదు. భయం లేదనను, ఉంది. కానీ నువ్వన్నట్టు దాని మీదికే ఎక్కి కూర్చున్నాను కదా, మెడ పట్టుకుని తిరుగుతున్నాను. మీ మరిది ఆ రాత్రి నాకు అన్నం తనే వడ్డించాడు.

అద్దాలకి మాత్రం ఇంతవరకూ ఎవరూ రంగు వేయలేదు. రోజూ జనం నిండుగా ఉంటే ఎవరు వేస్తారు? మొన్న ఎవరో పెద్దమనిషి మెచ్చుకుంటే, అదంతా తన ఆలోచనే అన్నట్టు దొరగారు తల ఊపాడట. ఊపనీ.

ఈ గదికి ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి రాట్నం కనపడుతుంది. మేడమీద నుంచి కనపడేది కాదు.

నువ్వు రా. తిరిగే రాట్నం ఒక్కటీ చూడలేదన్నావు, అది చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. వచ్చి రెక్కల గుర్రం ఎక్కు. ఎవరన్నా ఈ వయసులో ఏమిటంటే నేను చూసుకుంటాను, ఇప్పుడు నాకు ఆ విద్య వచ్చింది.

చిన్ని


చెక్కుడు షెడ్డు,
తాళం వేస్తూ

ఒసేయ్ చిన్నీ,

బయల్దేరుతున్నాను. రెండు చీరలు, మరిదిగారికి కర్రతో చేసిన పెన్నుల స్టాండు, నా ఉలులన్నీ సర్దుకున్నాను.

ఉలులెందుకని అడుగుతావు. ఆ తెల్ల గుర్రాల బయటివైపు పని ఇంకా మిగిలే ఉంది.

అక్క